క్యాంటీనమ్మ ఆదివారం షిఫ్టు

క్యాంటీనమ్మ పోయిన మూడో నాడు మంచిర్యాలలో మెథడిస్టు చర్చి వెనక హాల్లో సంతాపసభ జరిగింది. తొమ్మిది మంది మాట్లాడారు. తొమ్మిది మందీ ఆమె శాంతమూర్తి అన్నారు. దండ వేసిన ఫొటోలోని మనిషి మాత్రం ఆ మాటకు ఒప్పుకున్నట్టు కనబడలేదు. ఆ ఫొటో తీసేటప్పుడు ఆమె ఫొటో తీసేవాణ్ణి తిడుతూ ఉంది. తీసింది నేనే కాబట్టి ఆ సంగతి కచ్చితంగా చెప్పగలను.

ఆదివారం పని ముగించి, గ్లాసులు బోర్లించి, సోమవారం పొద్దున పోయింది. ఆదివారం పోవడం ఆమె పద్ధతి కాదు.

సభలో నేను మాట్లాడలేదు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. వారానికి ఆరు రోజులు, వినని వాళ్ళతో మాట్లాడడమే ఉద్యోగం. ఏడో రోజు నోరు మూసుకుని వినడం నాకు నేర్పింది ఆమే. నేర్పడం అంటే మెత్తటి మాట. "సారూ, మీ కాలేజ్‌ల గంట కొడితె ఆపుతవ్. ఈడ గంట లేదు, నేనే ఉన్న" అంది. ఆపాను.

ఆమెకో పేరు ఉండే ఉంటుంది. పెన్షన్ కాగితాల్లో, చర్చి రిజిస్టరులో తప్ప అది ఎక్కడా వాడకంలో లేదు. భర్త బొగ్గుబాయిలో పోతే ఆమెకు నస్పూర్ దగ్గర ఒక బాయి మీద క్యాంటీన్‌లో ఉద్యోగం ఇచ్చారు. ముప్పయ్యేళ్ళు అక్కడ చాయ్ పోసింది. బాయి దిగేవాళ్ళకూ, పైకొచ్చేవాళ్ళకూ ఆమె చేతి చాయే. పొట్టి మనిషి. భుజం మీద తువ్వాల, చేతికి మగవాళ్ళ గడియారం. చాయ్ పోసేటప్పుడు గ్లాసు వైపు చూసేది కాదు. మనిషి ముఖం చూసేది. చూసి, చక్కెర ఎన్ని చెంచాలో తనే తేల్చేది. "ఇయ్యాల నీకు రెండు" అనేది. షుగరు జబ్బు ఉందంటే, "మరి ముఖం గట్ల పెట్టుకొని రాకు" అనేది.

ఆమె రిటైరయ్యేసరికి తల్లికి మతిమరుపు జబ్బు మొదలైంది. కరీంనగర్ డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు చెప్పి, ఇలాంటి వాళ్ళను చూసుకునేవాళ్ళు ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటే మంచిదనీ, వాటిని సపోర్ట్ గ్రూపులంటారనీ, మన దగ్గర అలాంటివి లేవనీ అన్నాడట. 'లేవు' అన్న మాట ఆమె ముందు అనకూడదు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో చాయ్ లేదని ఎవరికీ చెప్పని మనిషి. తల్లి పోయిన నెలలోపే పాస్టరుగారిని హాలు అడిగింది. ఊడ్చి ఇచ్చేటట్టయితే తీసుకొమ్మన్నాడు. ఊడ్చింది. ఇప్పుడు నాలుగు ఊళ్ళలో అలాంటి హాళ్ళు ఆదివారం మధ్యాహ్నం నిండుతున్నాయి.

సపోర్ట్ గ్రూప్ అన్న మాట ఆమె నోటికి పట్టలేదు. "కూసుండుడు" అనేది. కూసుండుడు మొదట్లో ఒక ప్రార్థన ఉండేది. హిందువులు, ముస్లిములు, ఏ సంగతీ తేల్చుకోని నాలాంటివాళ్ళు అందరూ నిలబడేవాళ్ళం. కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీకు ఎరుకే. ఆమెన్" అనేది. అంతే. దేవుడికి తెలిసిన సంగతి మళ్ళీ చెప్పి ఆయన టైమూ, చాయ్ వేడీ పాడుచేయడం ఆమెకు నచ్చదు.

తర్వాత చాయ్. చాయ్ తాగకముందు ఎవరూ ఇంటి బాధ ఎత్తకూడదు. "బాయికెల్లి పైకొచ్చినోనితోటి చాయ్ తాగకముందు ముచ్చట వెట్టొద్దు. వెడితె కొట్లాటే" అనేది. మీరూ బాయిలోంచి వచ్చిన వాళ్ళేనని ఆమె అర్థం. చాయ్ అయ్యాక ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోవచ్చు. చివర్లో అందరం హాలు వెనక నల్లా దగ్గరికి వెళ్ళి గ్లాసులు కడగాలి. అయితే ఎవరి గ్లాసు వాళ్ళు కడగకూడదు, పక్కవాళ్ళది కడగాలి. ఎందుకని ఒకసారి అడిగాను.

"నీ గ్లాసు నువ్వు ఇంట్ల గూడ కడుగుతవ్ గద. దానికోసం గింతదూరం వచ్చుడెందుకు?"

ఇంట్లో నేను ఏ గ్లాసూ కడగనన్న సంగతి అక్కడ బయటపెట్టడం అవసరం అనిపించలేదు. పక్కనే ఉన్న మా ఆవిడ బయటపెట్టింది.

మా ఆవిడ అక్కడికి రావడం కూడా క్యాంటీనమ్మ వల్లనే. మొదటి ఆదివారం నేను ఒక్కణ్ణే వెళ్ళి, మతిమరుపు జబ్బుతో ఉన్న మా నాన్నను, మా బాపును, చూసుకోవడం ఎంత కష్టమో ఒక గ్లాసెడు సేపు చెప్పాను. బాగా చెప్పానని నా అభిప్రాయం. ఆమె అంతా విని, "స్నానం ఎవరు చేపిస్తరు?" అంది. మా ఆవిడ అన్నాను. "బువ్వ?" మా ఆవిడే. "మరి ఆమె ఏది? నువ్వెందుకొచ్చినవ్?"

ఇక మా బాపు సంగతి. బాపు బొగ్గుబాయిలో సర్దారు. బాయి లోపల ఒక భాగానికి, అందులో పనిచేసే మనుషుల ప్రాణాలకు పూచీపడే మనిషిని సర్దారంటారు. కప్పును కర్రతో తట్టి, గట్టిగా ఉందో బోలుగా ఉందో విని, అక్కడ పని చేయొచ్చో లేదో చెప్పాలి. ఎంతమంది దిగారో, ఎంతమంది పైకొచ్చారో ఆయనే చూసుకోవాలి. రిటైరై పదిహేడేళ్ళు. ఆ పదిహేడేళ్ళూ జబ్బు తుడిచేసింది. పొద్దున ఐదుకల్లా బూట్లు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, మొదటి షిఫ్టుకు బయల్దేరేవాడు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, రుజువులతో వెళ్ళాను. కంపెనీ ఇచ్చిన రిటైర్మెంట్ కాగితాన్ని ల్యామినేషన్ చేయించి రోజూ పొద్దున చూపించేవాణ్ణి. బాపు కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివేవాడు. కుర్చీలో కూలబడి, "నాకెవ్వరు చెప్పలేదు గదరా" అనేవాడు. బూట్లు ఆయనే విప్పుకునేవాడు. మరునాడు మళ్ళీ చూపించేవాణ్ణి. కంపెనీ ఆయన్ను ఒక్కసారే రిటైర్ చేసింది. నేను దాదాపు నలభై సార్లు చేశాను.

నలభై ఒకటో రోజు నేను లేచేసరికే బాపు వెళ్ళిపోయాడు. మూడు కిలోమీటర్ల అవతల లారీల రోడ్డు మీద దొరికాడు. అదే రోజు భైంసా నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్కను అక్కడ పత్తి వ్యాపారం ఇంట్లో ఇచ్చాం. ఏ మాటైనా తూకం వేసి మాట్లాడుతుంది.

"తాళం వెయ్యి తమ్మీ. ఇత్తడిది, బయటికెల్లి వెయ్యి. గొళ్ళెం వద్దు, చప్పుడైతది. కిటికీకి జాలి కొట్టించు. మొదలు రెండు వారాలు ఒర్లుతరు, తర్వాత సప్పుడు చెయ్యరు."

తాళాల గురించి మా అక్కకు అంత తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

"బాపును అర్రల వెట్టి తాళం వేసుడేందే అక్కా?"

"మరి లారీ కింద వడితె మంచిగుంటదా? నెల రోజులు చూస్త. నీతోటి కాకపోతె నేనే వచ్చి వేస్త."

అలా నెల గడువుతో నేను క్యాంటీనమ్మ దగ్గర చేరాను. రెండో వారం ల్యామినేషన్ సంగతి చెబితే ఆ కాగితం ఇంకెప్పుడూ చూపించొద్దంది. సరే, నా తెలివి కొద్దీ కొత్త ఉపాయం కనిపెట్టాను. బొగ్గుబాయిల్లో వారపు సెలవును ప్లే డే అంటారు. మరునాడు బాపు బూట్లు తొడుగుతుంటే, "బాపూ, ఇయ్యాల ప్లే డే" అన్నాను.

బాపు కళ్ళు మెరిశాయి. "మరి ముందుగాల చెప్పవేందిరా!" అని రెండో బూటు లేసు కూడా కట్టుకోకుండా పరుగెత్తాడు.

మూడో ఆదివారం ఈ సంగతి చెబితే క్యాంటీనమ్మ చేతిలో కేతిలి వణికి చాయ్ బల్ల మీద పడింది. ఆమె చాయ్ ఒలకబోయడం చూసినవాళ్ళు అంతకుముందు లేరట. నవ్వి నవ్వి తువ్వాలతో కళ్ళు తుడుచుకుంది.

"ప్లే డేకు పోతె డబుల్ మస్టర్ సారూ, ఒక్క రోజుకు రెండు రోజుల పైసలు! ప్లే డే డ్యూటీ కోసం బాయి మీద గల్లాలు వట్టుకునేటోళ్ళు. నువ్వు మీ పోరగాండ్లకు ఎకనామిక్స్ ఏం చెప్తవో ఏమో!"

తర్వాత నవ్వు ఆపి, నా గ్లాసు మళ్ళీ నింపింది.

"నువ్వు ఆయనకు సెలవియ్యాలని చూస్తున్నవ్. ఆయన సెలవడిగిండా? డ్యూటీ అడుగుతుండు. డ్యూటీ ఇయ్యి."

"బాయి మూసి ఎన్నేండ్లాయె అమ్మా, డ్యూటీ ఏడికెల్లి తేవాలె?"

"పొద్దుగాల ఆయన పోతె ఆపకు. ఎన్క నడువు. నడిచి, చాయ్ తాగి, ఇద్దరు మర్రి రాండ్రి. ఆదివారం ఈడికి తోల్కరా. మిగిలింది నేను చూస్త."

పొద్దున్నే బాపు వెనక నడవడం మొదలుపెట్టాను. ముందు సర్దారు, వెనక లెక్చరరు. కాలనీ చివరి హోటల్లో చాయ్ తాగగానే డ్యూటీ దిగినట్టు ఆయనే వెనక్కి తిరిగేవాడు. నా బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఇది ఆయన జబ్బుకు వైద్యమో నా జబ్బుకో తెలియలేదు.

నాలుగో ఆదివారం బాపును హాలుకు తీసుకెళ్ళాను. క్యాంటీనమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నన్ను పట్టించుకోలేదు.

"సర్దారన్నా, వచ్చినవా? షిఫ్టు నీదే. గీ తలుపుల కెల్లి ఎందరు లోపలికి వోతరో, ఎందరు బయటికొస్తరో నువ్వే చూడాలె. నాతోటి అయితలేదు."

బాపు వీపు నిటారు అయింది. గుమ్మాన్ని కర్రతో తట్టాడు, విన్నాడు. తృప్తి పడ్డట్టున్నాడు. "చాక్‌పీస్ ఏది?" అన్నాడు.

క్యాంటీనమ్మ చేయి చాచి నా చొక్కా జేబులోంచి ఒక ముక్క తీసింది. ఆ గ్రూపుకు నా చదువు ఉపయోగపడింది అంతవరకే.

మనిషి లోపలికి వెళ్తే గుమ్మం చెక్క మీద ఒక నిలువు గీత. బయటికి వస్తే దాని మీద అడ్డగీత. బాయిలో సర్దార్లు చాక్‌పీసుతో ఇలాగే గోడల మీద రాసేవాళ్ళట. ఒక చోటు చూసి, అంతా బాగుందని నమ్మకం కుదిరితే, అక్కడ తేదీ వేసి సంతకం పెడతారు. తర్వాత షిఫ్టువాళ్ళు ఆ సంతకం చూసి ధైర్యంగా లోపలికి పోతారు. ఆ మధ్యాహ్నం మూడు గంటలు బాపు గుమ్మం వదల్లేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటికి తిరిగొస్తూ ఆటోలో నిద్రపోయాడు, పని చేసిన మనిషి నిద్ర.

ఐదో ఆదివారానికి నెల గడువు అయిపోయింది. మా అక్క భైంసా నుంచి దిగింది. సంచిలో అట్టపెట్టె ఉంది. పెట్టెలో ఇత్తడి తాళం ఉందని దాచలేదు కూడా.

"నువ్వు జెప్పే కూసుండుడేందో నేను గూడ చూస్త. చూసినంక సాయంత్రం తాళం బిగిద్దాం" అంది.

హాల్లో చేతులు కట్టుకుని వెనక వరుసలో కూర్చుంది. చాయ్ అలవాటు లేదంది. అబద్ధం. క్యాంటీనమ్మ వినకుండా ఆమె ముఖం వైపు ఒక నిమిషం చూసి, మూడు చెంచాల చక్కెర వేసింది. మూడు చెంచాలు నేను అంతవరకు ఎవరికీ వేయగా చూడలేదు. అక్క ఆ గ్లాసు పట్టుకునే కూర్చుంది, తాగలేదు.

ఐదున్నరకు అందరూ లేచారు. ఒక్కొక్కరు బయటికి వస్తుంటే బాపు ఒక్కో గీత కొట్టేస్తున్నాడు. ఆఖరున మా ఆవిడ, అక్క, నేను, మా వెనక క్యాంటీనమ్మ వచ్చాం. మా నాలుగు గీతలూ కొట్టేశాడు. ఒక గీత మిగిలింది.

"ఒక్కరు లోపల్నే ఉన్నరు" అన్నాడు బాపు.

హాల్లోకి చూశాం. కుర్చీలు తప్ప ఏమీ లేదు.

"ఎవ్వరు లేరు బాపూ. నువ్వే చూడు."

"చూసుడు గాదురా. గీత ఉన్నది."

"గిందుకే తమ్మీ నేను చెప్పేది" అంది అక్క. "రేపు నడిరోడ్డు మీద నిలవడి గిట్లనే అంటడు." ఆమె చేయి సంచి జిప్పు మీద ఉంది.

చదువుకున్నవాళ్ళకు ఇలాంటప్పుడు నోట్లో వివరణ ఊరుతుంది. "బాపూ, నువ్వు ఒక గీత ఎక్కువ గీసి ఉంటవ్" అని మొదలుపెట్టాను.

"సారూ, ఆపు" అంది క్యాంటీనమ్మ. కేతిలి కింద పెట్టి గుమ్మం దగ్గరికి వచ్చి ఆ గీతను చూసింది. "సర్దారు ఒక్కరున్నరంటే ఉన్నట్టే. గీ గీతలను నమ్ముకునే బాయి పనోళ్ళ ఆడోళ్ళం ఇన్నేండ్లు ఇండ్లల్ల పండుకున్నం. లోపల లేకపోతె ఇంకేడనో ఉన్నరు. ఫోన్ తియ్యి. ఒక్కొక్కరికి చెయ్యి. మీ మనిషి ఏడున్నరని అడుగు. ఉంటరు అంటె ఊకోకు. చెయ్యి వట్టుకొని చెప్పుమను."

నాలుగు ఫోన్లు సరిగ్గానే ఉన్నాయి. ఐదోది, ప్రతి ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని వచ్చే టైలరుకు. ఆయన తల్లికి ఎనభై దాటాయి. ఎప్పుడూ బట్టల మూట చంకలో పెట్టుకుని తిరిగే సన్నటి ముసలమ్మ.

"మా అవ్వనా? మా ఆమెతోటి ఆటోల పోయింది గద" అన్నాడు టైలరు. ఆయన బండి మీద ఉన్నాడు. పెళ్ళానికి ఫోన్ చేశాడు. అత్తమ్మ మీ బండి మీద రావట్లేదా అందట ఆవిడ.

నల్లా దగ్గరికి పరుగెత్తాం. అక్కడ నాలుగు గ్లాసులు శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన వెనక గేటు బార్లా తెరిచి ఉంది. బాపు చూసేది ముందు గుమ్మమే. వెనక గేటు మా ఎవరికీ గుర్తు లేదు.

టైలరు వచ్చేలోపు ఎవరు ఏ దిక్కు వెతకాలో మేం ముగ్గురం మూడు రకాలుగా చెప్పుకున్నాం. క్యాంటీనమ్మ ఆయన్ను ఒక్కటే అడిగింది.

"మీ అవ్వ తల్లిగారిల్లు ఏ దిక్కు?"

"పెద్దపల్లి దిక్కు."

"మూట సదురుకున్నోళ్ళు తల్లిగారింటికే పోతరు. టేషన్‌కు ఉరుకుండ్రి."

టైలరూ, నేనూ ఉరికాం. ఆమె ప్లాట్‌ఫారం చివర ఏటవాలు దిగి, పట్టాల పక్కన కంకర మీద నిలబడి ఉంది. మంచిర్యాలలో ఆగని బండి ఒకటి వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. దాన్ని చెయ్యెత్తి ఆపాలని ఆమె ఉద్దేశం. అది ఆగి ఉండేది కాదని నా అభిప్రాయం. టైలరు తల్లిని బట్టల తాను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. మేం ఏటవాలు ఎక్కేసరికి బండి వెళ్ళిపోయింది.

"నా బండి పోగొట్టిండ్రు గదరా" అని ముసలమ్మ దారంతా మమ్మల్ని కోప్పడుతూనే ఉంది.

హాలుకు వచ్చేసరికి బాపు గుమ్మం దగ్గరే ఉన్నాడు. మా ఆవిడ కుర్చీ వేసినా కూర్చోలేదట. "మనిషి పైకి రాంది సర్దారు పోడు బిడ్డా" అన్నాడట అక్కతో. అక్క ఆయన పక్కన నిలబడి ఉంది. చేయి సంచి మీద లేదు, బాపు భుజం మీద ఉంది.

బాపు ముసలమ్మను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "దెబ్బలేం తాకలే గద?" అన్నాడు. మిగిలిన గీత కొట్టేశాడు. కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. తేదీ ముప్పయ్యేళ్ళ కిందటిది. సంతకం మాత్రం నిఖార్సయినది.

మేం చప్పట్లు కొట్టాం. బాపుకు అప్పటికే ఏమీ గుర్తు లేదు.

"ఏమైందిరా? ఎందుకు చప్పట్లు?"

"ఏం గాలే అన్నా" అంది క్యాంటీనమ్మ. "నీ షిఫ్టుల అందరు సల్లగ పైకొచ్చిండ్రు."

"మరి గట్లనే గద ఉండాల్సింది" అన్నాడు బాపు, కొంచెం విసుగ్గా.

టైలరు తల్లిని తీసుకుని వెళ్ళాడు. అక్క గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఆ చల్లారిన మూడు చెంచాల చాయ్ ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క గుక్కలో తాగేసింది.

"బాపుకు తాళం ముచ్చట ఇడిసిపెట్టు తమ్మీ" అంది. తర్వాత నాతో కాకుండా క్యాంటీనమ్మతో అంది, "అమ్మా, మతి తప్పిన మా అత్తమ్మ ఏడాది సంది ఎనక అర్రల ఉంటది. తాళం నేనే వేస్త. ఇప్పుడు మాట్లాడుడు గూడ బందు వెట్టింది."

క్యాంటీనమ్మ అక్కను ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. ఆమె పక్కన మెట్టు మీద చతికిలబడింది.

"ఇప్పుడు ఇంట్ల ఎవరున్నరు బిడ్డా?"

"మా ఆయన."

"ఫోన్ చెయ్యి. తాళం తీసి, తను వాకిట్ల కూసుండుమను. ఆమె ఎటు పోతె అటు ఎన్క నడువుమను. నువ్వు పోయేదాక అంతే."

అక్క ఫోన్ చేసింది. తొందరలో స్పీకర్ నొక్కుకుపోయింది. బావ ఎందుకని రెండుసార్లు అడిగాడు. "తియ్యిండ్రి, చెప్త" అంది. తాళంచెవి చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు మా అందరికీ వినబడ్డాయి.

"బయటికొచ్చింది" అన్నాడు బావ.

"ఎటు పోతుంది?"

"ఎటు పోతలే. వాకిట్ల నిలవడి లొల్లి వెడుతుంది. గింత పొద్దుగూకినా దీపం ముట్టియ్యలే, వాకిలి ఊడ్వలే, గిది ఇల్లేనా అంటుంది."

క్యాంటీనమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "ఎవలను తిడుతుంది కొడుకా?"

"ఇంకెవలను? కోడల్ని."

మా అక్క ముఖం అంతగా వెలగడం నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు.

"జర అత్తమ్మకు ఫోన్ ఇయ్యిండ్రి" అంది. "నేనే వింట."